షట్టర్లు దించిన ఇల్లు

కస్తానియా, పెలియన్ కొండ
జూన్ 24

అమ్మాయి ఇస్మీనీకి,

నేను కొండపైకి క్షేమంగా చేరాను. ఇక్కడ కంబళి కప్పుకోకుండా నిద్ర పట్టడం లేదు. కింద లారిసాలో మీరందరూ పెనం మీది అట్లవలె అటూ ఇటూ తిరగబడుతూ ఉంటారని తలచుకొని జాలిపడుతున్నాను.

మీ నగరపాలక కార్యాలయం అచ్చువేసిన ‘వడగాలి జాగ్రత్తలు’ కరపత్రాన్ని బస్సులో చదివాను. అది రాసింది నీవేనని శైలిని బట్టి గ్రహించాను. ‘నీరు తాగాలి, నీడన ఉండాలి, పక్కింటి తలుపు తట్టాలి.’ ఎవరు? కర్త ఎక్కడ? కర్త లేని వాక్యం యజమాని లేని కుక్క వంటిది; అందరినీ చూసి తోక ఊపుతుంది, ఏ ఇంటికీ కాపలా కాయదు. ముప్పై ఏళ్లు బడిలో ఇదే చెప్పాను. సొంత అన్న కూతురికి మాత్రం అంటించలేకపోయాను.

మా అపార్ట్‌మెంట్ సర్వసభ్య సమావేశం గురించి నీకు ఈపాటికి మీ అత్త ఒక కథ చెప్పే ఉంటుంది. జరిగినది ఇది. కింది హాలులో ఏసీలు బిగించి, ఇంట్లో చల్లదనం లేని వీధివారందరికీ పగలంతా తెరిచి ఉంచాలని మీ కార్యాలయం కోరింది. మేనేజరుగా నేను లేచి, ఆ హాలులో పరిచినది నాన్నగారి కాలపు పాలరాయి అనీ, పదిమంది చెప్పులతో తిరిగితే పాడవుతుందనీ సవినయంగా మనవి చేశాను. అప్పుడు పొలిక్సేని, నా తోడబుట్టిన అక్క, వెనుక కుర్చీలోంచి ఏమన్నదో తెలుసా?

“ఒరేయ్ అగిసీలా, ఆ పాలరాయికి దాహం వేస్తుందట్రా? పోనీ దానికే ఒక గ్లాసు నీళ్లు పోద్దాం.”

అందరూ నవ్వారు. నా పాత విద్యార్థి, మందుల షాపు ఫోటిస్ కూడా నవ్వాడు. ఊళ్లో లేని యజమానులు తమ ఓటును నాకు రాసి ఇచ్చి ఉన్నందున ప్రతిపాదన వీగిపోయింది. అయినా ఆ నవ్వు వీగిపోలేదు.

మరొక సంగతి. నీ మాట విని ఆమె, మీ కార్యాలయంవారు ఎండలలో ఇంటికి వచ్చి చూసిపోయే ‘దుర్బల నివాసుల’ పట్టికలో పేరు ఇచ్చింది. మేనేజరు ధ్రువీకరించవలసిన చోట ఆ పేరు కొట్టివేశాను. మా నాన్నగారి బిడ్డలలో దుర్బలులు ఎవరూ లేరు.

ఆమెతో మాట్లాడకుండానే బయలుదేరాను. ఏటా నేనే కారు మాట్లాడి తీసుకువస్తాను. ఈసారి తనంతట తాను రావచ్చును. ఈ కొండ మీది ఇల్లు ఆమెకూ పుట్టిల్లే.

నీ క్షేమం కోరే,
బాబాయి అగిసీలావోస్


లారిసా
జూలై 3

బాబాయికి,

మీ ఉత్తరం ఆఫీసులో చదివి అందరికీ వినిపించాను. ‘యజమాని లేని కుక్క’ అన్నచోట మా పెద్దాఫీసరు కూడా నవ్వాడు. వచ్చే అచ్చులో కర్తను పెడతాను. నాకు ఫోన్ ఇష్టం, మీకు ఉత్తరం ఇష్టం, కాబట్టి ఉత్తరమే. మీ కొండ ఊరి కాఫీ హోటల్ లాంబ్రోస్‌గారి ఫోన్ నంబరు మాత్రం నా దగ్గర రాసి పెట్టుకున్నాను, అవసరం పడితే.

నిన్న అత్త దగ్గరికి వెళ్లాను. బియ్యం కూరిన టమాటాలు పెట్టింది. ఏసీ పెట్టిస్తానంటే “అది గురక పెడుతుందే, మీ మావయ్యతో పడ్డది చాలు” అంది. పాత ఫ్యాన్ ఒకటి తిరుగుతోంది. గాలి కంటే చప్పుడు ఎక్కువ. ఇల్లు పొయ్యిలా ఉంది. పడకగదిలో మంచం మీద పెట్టె తెరిచి ఉంది. కొండ మీదికి వేసుకునే ఉన్ని జాకెట్టు, పండక్కి తొడుక్కునే నల్ల పట్టు గౌను సర్ది పెట్టుకుంది.

“ఎప్పుడు వెళ్తున్నావ్ అత్తా?” అని అడిగాను.

“వాడు పిలవాలిగా. పిలుస్తాడ్లే. వాడి కోపం పాలపొంగు.”

“నువ్వే బస్సెక్కి వెళ్లిపోరాదూ?”

“పిలవని పేరంటానికి పోయేంత గతిలేకుండా ఉన్నానా? ఊళ్లోవాళ్లు ‘తమ్ముడు తేలేదా’ అని అడిగితే మొహం ఎక్కడ పెట్టుకోను?”

బాబాయ్, ఒక్క మాట రాయండి ఆమెకి. ‘రా అక్కా’ అని. అందులో కర్తా కర్మా ఏమీ లేకపోయినా పరవాలేదు. మీరు ఆమెను తీసుకెళ్తారంటే పట్టిక గురించి నేను పట్టుబట్టను. తీసుకెళ్లనంటే మాత్రం ఆ పేరు మళ్లీ రాస్తాను.

మా పని ఇలా ఉంది: ఇంటింటికీ తిరిగే పిల్లలు కొద్దిమంది, వీధులు బోలెడు. సగం ఊరు సెలవులకి సముద్రతీరానికి పోతుంది. ఎవరు ఉన్నారో ఎవరు పోయారో తెలియక ఖాళీ ఇళ్ల తలుపులు తడుతూనే పొద్దు పోతోంది. మీరు ఏళ్ల తరబడి మేనేజరు కదా, ఏదైనా ఉపాయం ఉంటే చెప్పండి.

మీ ఇస్మీని


కస్తానియా
జూలై 12

అమ్మాయి ఇస్మీనీకి,

నీవు ఉపాయం అడిగావు. ముందు అది చెబుతాను. వేసవిలో మన ఊరిలో కిటికీల షట్టర్లు పూర్తిగా దించి ఉన్న ఇంట మనిషి లేడు. ఉన్నవాడు సాయంకాలం గాలికి వాటిని మూరెడైనా ఎత్తుతాడు, బాల్కనీలో కుర్చీ వేసుకుంటాడు, పూలకుండీకి నీరు పోస్తాడు. వీధిలో నిలబడి తల ఎత్తితే చాలు, మెట్లు ఎక్కనక్కరలేదు. సాయంత్రం కూడా దించే ఉన్న ఇళ్లను మీ పిల్లలు వదిలివేయవచ్చును. ఇంత చిన్న సంగతికి నగరపాలక కార్యాలయం ఎందుకో నాకు తెలియదు.

ఇక రెండవది. ‘పిలవాలి’ అన్న మాట నీ ఉత్తరంలో చదివి నా కళ్లద్దాలు తుడుచుకొని మళ్లీ చదివాను. తన ఇంటికి తనను ఎవరు పిలవాలి? పదిమందిలో నన్ను నవ్వులపాలు చేసినది ఆమె. పిలుపు కోసం కూర్చున్నదీ ఆమె. మధ్యలో రాయబారం నీది. నీవు ఎవరి పక్షమో నాకు అర్థమవుతూనే ఉన్నది.

అయినా వినుము. పైగది తుడిపించాను. పరుపు ఎండలో వేయించాను. తూర్పు కిటికీకి కొత్త తెర కట్టించాను. పాతది వెలిసిపోయిందని ఆమె ఏటా సణిగేది. కాబట్టి ఆమె సంగతి నీవు ఇక ఆలోచించనక్కరలేదు. పట్టికలో పేరు రాయవద్దు. మా అక్కాతమ్ముళ్ల వ్యవహారం మేము చూసుకొంటాము.

ఈసారి చెర్రీలు బాగా కాశాయి. పాకం పట్టిస్తున్నాను. నీకొక సీసా పంపుతాను, కోపం ఉన్నా సరే.

బాబాయి


లారిసా
జూలై 26

బాబాయికి,

తొందరలో రాస్తున్నాను. నలభై నాలుగు డిగ్రీలు. చెట్ల మీద పిట్టలు నోళ్లు తెరుచుకుని కూర్చున్నాయి. గ్రంథాలయంలో చల్లని గది తెరిచాం. కుర్చీలు చాలక జనం మెట్ల మీద కూర్చుంటున్నారు. నిన్న ఒక తాతగారు తొట్టెలో కాళ్లు పెట్టుకుని, రేడియో వింటూ, “నాకేం కాలేదమ్మా, నేను సముద్రంలో ఉన్నాను, మీరు పోండి” అని మా పిల్లల్ని గదమాయించాడట. చెయ్యి పట్టుకుంటే కాలిపోతోంది. ఆస్పత్రిలో చేర్చాం. బతికాడు.

మీ ఉపాయం పాటిస్తున్నాం. సాయంత్రాలు వీధుల్లో తిరిగి, షట్టర్లు దించి ఉన్న ఇళ్లను ‘లేరు’ అని గుర్తు పెడుతున్నాం. దాంతో సగం పని తగ్గింది. పెద్దాఫీసరు మెచ్చుకున్నాడు. మా బాబాయి చెప్పారని చెప్పాను.

అత్త సంగతి మీరు రాసింది చదివి గుండె కుదుటపడింది. మొన్న మీ వీధిలోంచి పోతూ తలెత్తి చూశాను: అత్త ఉండే రెండో అంతస్తు షట్టర్లన్నీ కిందికి ఉన్నాయి. ఎందుకైనా మంచిదని ఫోన్ చేశాను. మోగి మోగి ఆగిపోయింది. మొదటి అంతస్తు స్తమాతియాగారు సంచులతో సముద్రానికి బయలుదేరుతూ ఎదురై, “మీ అత్త వెళ్లిపోయిందమ్మా, వీధివాళ్లందరికీ చెప్పి మరీ షట్టర్లు దించింది” అన్నారు. పోనీలెండి. కోపతాపాలు ఎలా ఉన్నా ఆమె ఇప్పుడు చల్లని చోట ఉంది. నాకు అది చాలు.

కునుకు తీసి చాలా రోజులైంది. తప్పులుంటే దిద్దకండి.

ఇస్మీని


కస్తానియా
ఆగస్టు 6

అమ్మాయి ఇస్మీనీకి,

నీ ఉత్తరంలో దిద్దవలసినవి కొన్ని ఉన్నవి. కానీ నీవు అలసి ఉన్నావు కనుక వదిలివేశాను.

మొత్తానికి పొలిక్సేని షట్టర్లు దించి, వీధివారందరికీ చాటింపు వేసి, నీ ఇంటికి చేరిందన్నమాట. నేను ముందే ఊహించాను. గురక పెడుతుందని వంక పెట్టిన ఏసీ కింద ఇప్పుడు కాళ్లు చాపుకొని కూర్చొని, నీకు నా పాలరాయి కథను రోజుకొక కొత్త హంగుతో చెబుతూ ఉంటుంది. ‘చల్లని చోట ఉంది’ అని ఒక్క వాక్యంతో సరిపెట్టావు. నీ ఇంట ఉన్నదని తిన్నగా రాస్తే నేను నొచ్చుకొంటానని అనుకొన్నావు కాబోలు. నొచ్చుకోలేదు.

ఇక్కడ మాత్రం నా పరువు కాపాడుకోవడం కష్టంగా ఉన్నది. కాఫీ హోటలుకు పోతే లాంబ్రోస్ ట్రే పట్టుకొని రోజూ అదే ప్రశ్న.

“మాస్టారూ, అక్కగారు ఇంకా రాలేదేంటండీ? పదిహేనో తారీకు మరియమాత పండక్కన్నా వస్తారా, రారా?”

“దారిలో ఉంది.”

“ఏ దారండీ బాబూ, పోయిన వారం కూడా దారిలోనే ఉన్నారుగా. నడిచొస్తున్నారా?”

బల్లల దగ్గర అందరూ నవ్వారు. నేను పత్రిక తెరిచి పట్టుకొన్నాను. కానీ పండుగనాడు చర్చి ముందు ఆమె కుర్చీ ఖాళీగా ఉంటే నేను ఏమి చెప్పాలి?

కొత్త తెర తీసివేయిద్దామనుకొన్నాను. కుట్టినవాడు నొచ్చుకొంటాడని ఉంచాను.

కొండ టీ ఆకు కొంచెం కోసి, ఆరబెట్టి, ఈ కవరులో పెట్టాను. సాయంకాలం చల్లబడ్డాక ఆమె అదే తాగుతుంది. కాచి ఇవ్వు. నేను పంపినట్టు చెప్పవద్దు. ఒకవేళ తానే కనిపెట్టి అడిగితే, పైగది సిద్ధంగా ఉన్నదని మాత్రం చెప్పవచ్చును.

బాబాయి


లారిసా
ఆగస్టు 22

బాబాయికి,

అంత్యక్రియలప్పుడు మీరు రెండుసార్లు నా వైపు వచ్చారు. రెండుసార్లూ నేను పక్కకు జరిగాను. ఒకే ఊళ్లో, నాలుగు వీధుల అవతల ఉండి ఉత్తరం రాస్తున్నాను, మీ ఎదురుగా నిలబడి మాట్లాడలేను కాబట్టి. ఆవేళ లాంబ్రోస్‌గారి ఫోన్‌లో మీకు చెప్పింది రెండే మాటలు. మిగతాది తెలుసుకోండి.

మీ కవరు పండుగ ముందురోజు ఆఫీసుకు వచ్చింది. చించగానే టీ ఆకు బల్ల మీద పడింది. ఉత్తరం మొదటి నుంచి మళ్లీ చదివాను. ‘నీ ఇంటికి చేరిందన్నమాట.’ నాకు వెంటనే అర్థం కాలేదు. పక్క కుర్చీలో పిల్ల “ఏమైంది మేడమ్?” అంటూనే ఉంది. మెట్లు దిగుతూ ఉన్నాను, ఇంకా అర్థం కాలేదు. అర్థం కావడం నాకు ఇష్టం లేదేమో.

తాళాలవాడిని పిలిపించి తలుపు తీయించాం. బయట కంటే లోపలే వేడి. ఫ్యాన్ తిరుగుతూనే ఉంది. అత్త పడకగదిలో లేదు. వీధి తలుపుకు ఇవతల, నడవలో కుర్చీ వేసుకుని ఉంది. నల్ల పట్టు గౌను. జుట్టు దువ్వుకుని ఉంది. పక్కన పెట్టె, పట్టీ బిగించి. పెట్టె మీద కొండ దారికి వేసుకునే బూట్లు. ఎప్పుడు పోయిందో డాక్టరు ఒక అంచనా చెప్పాడు. అది మీకు రాయను.

మెట్లు తుడిచే ద్రీతా గుర్తుందిగా, అల్బేనియా ఆమె. సెలవుకి వాళ్ల ఊరు పోయింది. నేను ఫోన్ చేస్తే ఏడ్చింది.

“నేనుండగా రొట్టె, పాలు తెచ్చి ఇచ్చేదాన్నమ్మా. చీకటి పడ్డాక రమ్మనేది. ఎవరికీ చెప్పకే, నేను ఊరెళ్లాననే అనుకోనీ అనేది.”

“ఎందుకలా?”

“నేనూ అదే అడిగానమ్మా. ‘తమ్ముడు పిలవకుండా పోయాడని వీధికంతా తెలియాలా?’ అంది. షట్టర్లు కాస్త ఎత్తండమ్మగారూ, గాలన్నా వస్తుంది అంటే, ‘ఎత్తితే స్తమాతియా చూస్తుంది’ అంది. నేను వెళ్లొస్తానని చెప్పిన రోజు కూడా నవ్వుతూనే ఉంది. పండగ లోపల మా వాడు కారు పంపుతాడు, నువ్వు పోయిరా అంది.”

ఫోన్ ఎందుకు ఎత్తలేదో కూడా అప్పుడే తెలిసింది. ఊళ్లో లేని మనిషి ఫోన్ ఎలా ఎత్తుతుంది? నేను చేసినప్పుడు ఆమె ఆ పక్కనే కూర్చుని ఉండాలి.

మా పిల్లలు ఆ వీధిలో తిరిగారు. మీ అపార్ట్‌మెంట్ ముందు నిలబడి తలెత్తి చూశారు. మెట్లు ఎక్కలేదు. ‘రెండో అంతస్తు, లేరు’ అని గుర్తు పెట్టిన పిల్లకి ఇరవై ఏళ్లు కూడా లేవు. అప్పటి నుంచి పనికి రావడం లేదు. నేను వాళ్ల ఇంటికి వెళ్లి చెప్పాను: ఆ గుర్తు నీది కాదమ్మా. నియమం నాది. ఆలోచన మా బాబాయిది.

వీధి స్తంభాలకు అంటించిన చావు కబురు కాగితంలో ‘తమ్ముడి ప్రేమానురాగాల నడుమ’ అని మీరు రాయించారు. అది చింపేశాను. ఒక్క మీ వీధిలో మాత్రమే కాదు.

ఇస్మీని


లారిసా
సెప్టెంబరు 30

ఇస్మీనీకి,

కాగితాలు చింపినది నీవేనని అనుకొన్నాను. మళ్లీ అంటించలేదు.

నీ ఉత్తరానికి జవాబు చాలాసార్లు మొదలుపెట్టాను. వాక్యాలు అన్నీ సరిగానే వచ్చినవి. అందుకే పారవేశాను.

జరిగిన సంగతులు మాత్రం రాస్తాను. నిన్న సర్వసభ్య సమావేశం పిలిచాను. కింది హాలును మీ కార్యాలయానికి ఇవ్వాలని ప్రతిపాదించాను. తరువాత ఫోటిస్ లేచాడు.

“మాస్టారూ, మీ బాధ మాకు తెలుసండీ. కానీ ఎండలు పోయాయిగా. ఇప్పుడెందుకు?”

“వచ్చే ఏడు రావా?” అన్నాను.

“వస్తాయనుకోండి. అయినా ఆ పాలరాయి పెద్దాయన కాలం నాటిది కదండీ. పదిమంది చెప్పులతో తిరిగితే పాడవదూ?”

నా మాటలనే నాకు అప్పజెప్పాడు, ఒక్క అక్షరం పొల్లుపోకుండా. బడిలో ఏనాడూ పాఠం అప్పజెప్పినవాడు కాడు. ఊళ్లో లేని యజమానులు ఈసారి ఓటును అతనికి రాసి ఇచ్చారు. నా మనసు స్థిమితంగా లేదని వారికి ఎవరో చెప్పారట. ప్రతిపాదన వీగిపోయింది. ఎవరూ నవ్వలేదు. వెనుక కుర్చీలోంచి ఒక్క మాట వస్తుందేమోనని నేను అటు తిరిగి చూశాను. అందరూ నన్నే చూస్తున్నారు. మేనేజరు పని ఫోటిస్‌కు అప్పగించి వచ్చాను.

నాలుగో అంతస్తు విడిచి ఆమె ఇంట్లోకి దిగాను. పెట్టెలో బట్టలు ఎక్కడివి అక్కడే ఉంచాను. షట్టర్లు అన్నీ ఎత్తివేశాను. వాటిని ఇక దించను. స్తమాతియా కిందినుంచి కేక వేసింది.

“మాస్టారూ, పడమటి ఎండ నేరుగా లోపలికొస్తుంది, దించుకోండి.”

“రానీయండి,” అన్నాను.

“మొండితనం మీ ఇంటి గాలిలోనే ఉందయ్యా,” అని లోపలికి పోయింది.

ఒక అభ్యర్థన. మీ పట్టికలో నా పేరు చేర్చు: రెండో అంతస్తు, వీధి వైపు, ఒంటరి. ‘దుర్బల నివాసులు’ అన్న ఆ పట్టిక పేరు మార్చవద్దు. అలాగే ఉండనీ. మేనేజరు సంతకానికి ఫోటిస్‌ను అడగాలి. నేనే వెళ్లి అడుగుతాను.

నీవు ఒకసారి వస్తే బాగుండును. టమాటాలు ఎలా కూరుతారో నాకు తెలియదు. కాఫీ పెట్టగలను.

అగిసీలావోస్


లారిసా
జూన్ 3

బాబాయికి,

శీతకాలమంతా జవాబు రాయలేదు. ఇప్పుడు రాయాల్సిన పని పడింది. వచ్చే వారం నలభై దాటుతుందట.

మీ పేరు పట్టికలో చేరింది. ఫోటిస్ సంతకం చేశాడు.

నియమం మార్చాం. ఈ ఏడాది మా వాళ్లు షట్టర్లు దించి ఉన్న ఇళ్లకే ముందు వెళ్తారు. మెట్లెక్కి తలుపు తడతారు, పేరు పెట్టి పిలుస్తారు, జవాబు రాకపోతే పక్కింట్లో అడుగుతారు, అప్పటికీ తేలకపోతే తాళం తీయిస్తారు. జనం తిడుతున్నారు. తిట్టనిస్తున్నాం. మీవి ఎత్తి ఉంటాయి కాబట్టి మీ వంతు ఆఖరున వస్తుంది.

వచ్చే పిల్ల పేరు ఎలెక్త్రా, పోయిన ఏడు పనికి రావడం మానేసిన పిల్లే. మీ వీధే కావాలని అడిగి తీసుకుంది. ఎందుకో మీరు అడగవద్దు. కాళ్లూ చేతులూ ముట్టుకుని చూస్తుంది, గ్లాసుడు నీళ్లు ఎదుట తాగిస్తుంది. ఆమె మాటల్లో తప్పులు పట్టకండి. మీరు పంపిన టీ ఆకు ఇన్నాళ్లూ నా సొరుగులోనే ఉంది. ఆమె చేతికి ఇచ్చి పంపుతున్నాను.

తలుపు తట్టినప్పుడు పలకండి. నేను రాను.

ఇస్మీని